క్రొత్త వ్యాసకర్త – తొలి పరిచయం

మన ఇంటికి ఎవరైనా క్రొత్తవారు వచ్చినప్పుడు ముందు కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ తరువాత "ఏ ఊరు? ఎవరి తాలూకు? ఏ పనిమీద వచ్చినారు?" అని అడుగుతాము. ఇది మన దేశాచారం. హిందువుల ఇంటనైనా, ముస్లిముల ఇంటనైనా ఈ మర్యాద ఒక్కటే. వచ్చినవాడు ఈ మూడు ప్రశ్నలకు సూటిగా సమాధానం చెప్పితే సంభాషణ సాగుతుంది. తప్పించుకొంటే ఆతిథ్యానికి లోటు రాదు గాని, నమ్మకానికి లోటు వస్తుంది. రాజకీయ విషయాలపై అభిప్రాయం వ్రాసేవాడు కూడ పాఠకుని ఇంటికి వచ్చిన క్రొత్తవాడే. కథ చెప్పేవానిని ఎవరూ "నీవెవరవు?" అని నిలదీయరు. పరిపాలన ఇట్లా ఉండవలెను, ఈ చట్టం మంచిది, ఆ విధానం చెడ్డది అని చెప్పేవానిని మాత్రం తప్పక నిలదీస్తారు. నిలదీయటం పాఠకుని హక్కు.

ఈ తొలి పలకరింపును ఉర్దూలో తఆరుఫ్ అంటారు. తెలుగులో పరిచయం అంటాము. మొదటి సంచికలో సంపాదకుడు వ్రాసే ఆ నాలుగు మాటలను మర్యాదకోసం వ్రాసినవిగా భావించి చాలామంది పుట త్రిప్పివేస్తారు. కాని పత్రికల చరిత్రను పరిశీలిస్తే, రాజకీయ రచయితకు, పాఠకునకు మధ్య జరిగే ఒప్పందమంతా ఆ తొలి పుటలోనే ఉన్నదని తెలుస్తుంది. ఆ ఒప్పందాన్ని ఎవరెవరు ఎట్లా వ్రాసినారో, నేడు కలం పట్టదలచిన మన విద్యార్థినీ విద్యార్థులు దానినుండి ఏమి గ్రహించవలెనో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు దాచిన ఇద్దరు

లండన్ నగరంలో 1711 మార్చి 1వ తేదీన 'స్పెక్టేటర్' అనే పత్రిక వెలువడినది. మొదటి సంచికను జోసెఫ్ అడిసన్ వ్రాసినాడు. రచయిత నలుపో తెలుపో, శాంతస్వభావుడో కోపిష్టియో, పెండ్లి అయినవాడో కానివాడో తెలియనిదే పాఠకునికి గ్రంథం రుచించదని చమత్కరించి, ఒక కల్పిత పురుషుని నోట తన పరిచయం చెప్పించినాడు. ఆ పురుషుడు మితభాషి. చాల చదివినవాడు. పిరమిడ్‌ను కొలవటానికి కైరో దాకా వెళ్ళివచ్చినవాడు. లండన్ కాఫీ దుకాణాలన్నింటిలో కనిపిస్తాడు గాని నోరు విప్పడు. అయితే మూడు సంగతులు చెప్పనన్నాడు: తన పేరు, తన వయస్సు, తాను కాపురముండే ఇల్లు. ఆనాటి రెండు రాజకీయ పక్షాలైన విగ్గులకు, టోరీలకు మధ్య తాను తటస్థుడనని కూడ ప్రకటించినాడు. పత్రిక విశేషంగా ప్రజాదరణ పొందినది. కొద్ది రోజులకే దినమునకు మూడువేల ప్రతులు పోతున్నవని పదవ సంచికలో వ్రాసికొన్నాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. అడిసన్ స్వయంగా విగ్గు పక్షపు పార్లమెంటు సభ్యుడు. ముసుగు వేసికొన్న మనిషి తటస్థుడు. ముసుగు వెనుకనున్న మనిషి పక్షం కలవాడు. సాంఘిక మర్యాదలు, సాహిత్యం, నాటకం వంటి విషయాలకు ఆ ముసుగు అందం తెచ్చినది. రాజకీయాలకు మాత్రం అది సరిపోదు. తటస్థుడనని చెప్పటం సులభం. అది నిజమో కాదో తెలిసికొనే సాధనం పాఠకుని చేతిలో ఉండదు.

డెబ్బదియారేండ్ల తరువాత అమెరికాలో మరియొక రచయిత ఇందుకు భిన్నమైన మార్గం త్రొక్కినాడు. 1787లో ఆ దేశానికి క్రొత్త రాజ్యాంగం సిద్ధమైనది. దానిని ఆమోదించవలెనా, త్రోసిపుచ్చవలెనా అనే చర్చ రాష్ట్రాలలో సాగుతున్నది. 1787 అక్టోబరు 27వ తేదీన 'పబ్లియస్' అనే మారుపేరుతో న్యూయార్క్ పత్రికలో ఒక వ్యాసం వచ్చినది. వ్రాసినవాడు అలెగ్జాండర్ హామిల్టన్. జేమ్స్ మాడిసన్, జాన్ జే లతో కలిసి వెలువరించిన 85 వ్యాసాలలో అది మొదటిది. హామిల్టన్ కూడ పేరు దాచినాడు. కాని తాను నిలిచిన చోటును దాచలేదు. తాను ఈ రాజ్యాంగానికి అనుకూలుడనని, ఇంకను నిర్ణయించుకొననట్లు నటించబోనని మొదటి వ్యాసంలోనే చెప్పినాడు. తన ఆంతర్యం తన గుండెలో ఉంటుందని, తన వాదాలు మాత్రం అందరి ఎదుట ఉంటాయని, వాటిని ఎవరైనను తూచి చూచుకొనవచ్చునని వ్రాసినాడు.

రాజకీయ రచయిత పరిచయంలో మొదటి సూత్రం ఇదే. 'నాకు ఏ పక్షమూ లేదు' అనే మాటకంటె 'నా పక్షం ఇది, నా కారణాలు ఇవి' అనే మాట పాఠకునికి ఎక్కువ ఉపకరిస్తుంది. పక్షం తెలిసినప్పుడు పాఠకుడు జాగ్రత్తగా చదువుతాడు. పక్షం దాచినప్పుడు అజాగ్రత్తగా నమ్ముతాడు.

మన దేశంలో తొలి పుటలు

మన దేశానికి వచ్చినట్లయితే, 1822లో రాజా రామమోహన రాయ్ కలకత్తానుండి 'మిరాతుల్ అఖ్బార్' అనే పారసీ వారపత్రికను ప్రారంభించినారు. మిరాత్ అనగా అద్దం; అఖ్బార్ అనగా వార్తలు. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన ఆయన పారసీ భాషలో పత్రిక నడపటం ఆనాటి విద్యావంతుల సమాజం ఎట్టిదో తెలియజేస్తుంది. పాలితుల నిజమైన స్థితిని పాలకులకు, పాలకుల చట్టాలను, పద్ధతులను పాలితులకు తెలియజేయటమే తన లక్ష్యమని ఆయన ప్రకటించినారు. అనగా తాను ఎవరో చెప్పటంతో ఆగక, ఎవరికోసం వ్రాస్తున్నారో కూడ చెప్పినారు.

మరుసటి సంవత్సరమే, 1823లో, పత్రికలు నడపటానికి ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం నిబంధన తెచ్చినది. రామమోహన రాయ్, ఆయన మిత్రులు సుప్రీంకోర్టుకు విజ్ఞాపన చేసినారు, ఫలితం లేకపోయినది. కచేరీకి వెళ్ళి, ప్రమాణం చేసి, ఎప్పుడైనా రద్దు చేయదగిన అనుమతి తెచ్చుకొని పత్రిక నడపటం తన గౌరవానికి తగదని కారణాలు చెప్పి ఆయన పత్రికను నిలిపివేసినారు. కారణాలు చెప్పి ఆరంభించినవారు కారణాలు చెప్పియే విరమించినారు.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869లో ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆయనను ఆకర్షించినవాటిలో పైన చెప్పిన 'స్పెక్టేటర్' వ్యాసాలు కూడ ఉన్నవి. తిరిగి వచ్చి 1870 డిసెంబరు 24వ తేదీన 'తహ్జీబుల్ అఖ్లాఖ్' పత్రికను వెలువరించినారు. భారతదేశపు ముస్లిములను సంపూర్ణమైన నాగరికత వైపు నడిపించటమే తన ఉద్దేశమని తొలి సంచికలోనే నిర్మొగమాటంగా చెప్పినారు. దానితో స్వజనులలోనే పెద్ద దుమారం చెలరేగినది. ఆయనకు వ్యతిరేకంగా మక్కా, మదీనాల నుండి కూడ ఫత్వాలు తెప్పించినారు. అయినను 1875లో అలీగఢ్‌లో పాఠశాల వెలసినది; అదియే 1920లో విశ్వవిద్యాలయమైనది.

దాదాపు అదే కాలంలో, 1874లో, ధవళేశ్వరంలో ఉపాధ్యాయులుగా ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులుగారు 'వివేకవర్ధని'ని స్థాపించినారు. భాషాసేవ, సంఘసంస్కరణ ఆ పత్రిక ఉద్దేశాలు. స్థానికాధికారుల లంచగొండితనాన్ని, తమ సమాజంలోని దురాచారాలను పంతులుగారు ఒకే కలంతో ఎండగట్టినారు. సర్ సయ్యద్, పంతులుగారు వేర్వేరు మతాలవారు, వేర్వేరు భాషలవారు. కాని ఇద్దరి పరిచయంలోను ఒక సామ్యం ఉన్నది. పొరుగింటి చెత్తను చూపటానికి ముందు తమ ఇంటి చెత్తను ఊడ్చటానికి పూనుకొన్నారు. స్వజనులను మెప్పించటానికే వ్రాసేవాడు వంది. స్వజనులకు మేలు కోరి వ్రాసేవాడు రచయిత.

పేరుకు వెల కట్టినవారు

తెలుగులో మనం వాడే 'కలం' అనే మాట అరబ్బీ 'ఖలమ్' నుండి వచ్చినది. 'జవాబుదారీ' అనే మాట కూడ ఉర్దూ ద్వారానే మనకు చేరినది. ఈ రెండు మాటలు ఒకే త్రోవలో రావటం అర్థవంతంగా ఉన్నది. కలం పట్టినవాడు జవాబు చెప్పవలెను.

మౌలానా హస్రత్ మొహానీ అలీగఢ్‌లో పట్టభద్రులై 1903లో 'ఉర్దూ-ఎ-ముఅల్లా' పత్రికను ప్రారంభించినారు. 1908లో ఆ పత్రికలో ఈజిప్టులో బ్రిటిష్ విధానాన్ని విమర్శించే వ్యాసమొకటి రచయిత పేరు లేకుండా అచ్చయినది. ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపినది. రచయిత పేరు చెప్పటానికి మౌలానా నిరాకరించినారు. సంపాదకుడుగా బాధ్యత తమదేనని నిలిచి కఠిన కారాగార శిక్ష అనుభవించినారు. చెరసాలలో తిరుగలి విసరినారు. గజల్ కవిగా ప్రసిద్ధికెక్కిన ఆ సుకుమారుని చేతులు పిండి విసరటం చరిత్రలో నిలిచిపోయినది. ఇందులో మనకు రెండవ సూత్రం దొరుకుతుంది. తగిన కారణముంటే పేరు దాచవచ్చును. జవాబుదారీని మాత్రం దాచరాదు. వ్రాసినవాడు తెర వెనుక ఉంటే, తెర ముందు ఎవరో ఒకరు నిలబడవలెను.

ఇక మన హైదరాబాదు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో సురవరం ప్రతాపరెడ్డిగారు 1926 మే 10వ తేదీన 'గోలకొండ పత్రిక'ను ప్రారంభించినారు. తెలంగాణంలో కవులు లేరనే మాట ఒకసారి బయలుదేరినది. ప్రతాపరెడ్డిగారు కోపంతో నాలుగు వ్యాసాలు వ్రాసి ఊరకుండవచ్చును. వారు అట్లా చేయలేదు. ఊరూర కవులను వెదకి, వారి పద్యాలను సేకరించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించినారు. అందులో 354 మంది కవులున్నారు. ఆక్షేపణకు ఆగ్రహం జవాబు కాదు, ఆధారమే జవాబు అనే మూడవ సూత్రానికి ఇంతకంటె మంచి నిదర్శనం లేదు. ఇంగ్లండులో 'మాంచెస్టర్ గార్డియన్' సంపాదకుడు సి.పి. స్కాట్ 1921లో తన పత్రిక శతవార్షికోత్సవ వ్యాసంలో చెప్పిన మాట కూడ ఇదే: వ్యాఖ్యకు స్వేచ్ఛ ఉన్నది గాని, వాస్తవం పవిత్రమైనది, దానిని తాకరాదు.

అదే హైదరాబాదులో షోయబుల్లా ఖాన్ అనే యువకుడు ఉన్నాడు. ఉస్మానియా పట్టభద్రుడు. 'తేజ్', 'రయ్యత్' పత్రికలలో పనిచేసినాడు. తరువాత 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రికకు సంపాదకుడైనాడు. ఇమ్రోజ్ అనగా 'ఈ రోజు'. రజాకార్ల దౌర్జన్యాలను ఖండిస్తూ, హైదరాబాదు సంస్థానం భారత యూనియనులో చేరవలెనని తన పేరుతో, తన పత్రికలో, ఉర్దూ భాషలో వ్రాసినాడు. బెదిరింపులు వచ్చినవి, వ్రాత మానలేదు. 1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి కాచిగూడ ప్రాంతంలో ఇంటికి పోవుచుండగా దుండగులు దాడిచేసి ఆయన చేతిని నరికివేసినారు. తెల్లవారేసరికి మరణించినాడు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు. నెల తిరగకముందే, 1948 సెప్టెంబరులో, హైదరాబాదు భారతదేశంలో కలిసినది.

ఈ యువకుని జీవితం మన కళాశాల విద్యార్థులకు ప్రత్యేకంగా గుర్తుండదగినది. ఆనాడు తమ మతం పేరుతో అధికారం చెలాయిస్తున్నవారికి ఎదురు నిలిచి వ్రాసినాడు. 'ముస్లిములందరి తరఫున చెప్పుతున్నాను' అని ఎవరో చాటుతున్నప్పుడు, 'నా తరఫున నేను చెప్పుతున్నాను' అన్నాడు. అంతకుమించిన పరిచయం రాజకీయ రచయితకు అక్కరలేదు.

మన విద్యార్థులకు

పైన చెప్పిన ఉదాహరణలనుండి క్రొత్త రచయిత తన తొలి వ్యాసంలో పాఠకునికి చెప్పవలసిన సంగతులు నాలుగు అని తేలుతున్నది. మొదటిది, ఈ మాటలకు జవాబు చెప్పేవారు ఎవరు? రెండవది, రచయిత ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడు. ఈ విషయంలో అతనికి లాభనష్టాలేమైనా ఉన్నవా? మూడవది, తనకు ఈ సంగతి ఎట్లా తెలిసినది – కన్నదా, విన్నదా, చదివినదా? నాల్గవది, తన మాటకు ఎదురుమాట చెప్పదలచినవారికి చోటు ఇస్తాడా? పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, పొందిన బహుమతులు ఇందులో చేరవు. అవి అభినందన సభలో చెప్పుకొనదగినవి.

ఒక చిన్న ఉదాహరణ. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యం కావటంపై ఒక విద్యార్థిని వ్యాసం వ్రాయదలచినది అనుకొందాము. "నేటి ప్రభుత్వాలు విద్యారంగాన్ని నాశనం చేస్తున్నవి, యావత్ విద్యార్థిలోకం ఆగ్రహంతో రగిలిపోతున్నది" అని ఆరంభిస్తే చప్పట్లు వస్తవి గాని నమ్మకం రాదు. దానికి బదులుగా ఇట్లా వ్రాయవచ్చును: "నేను బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్నాను. నేను కూడ ఈ పథకం క్రిందనే చదువుతున్నాను, కనుక ఈ విషయంలో నాకు స్వార్థం ఉన్నది. మా తరగతిలో పదిమందిని అడిగి, వారి రసీదులు చూచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఇతర కళాశాలల సంగతి నేను చెప్పటం లేదు." ఈ నాలుగు వాక్యాలలో అలంకారం ఒక్కటి లేదు. అయినను ఆఫీసు గుమాస్తా మొదలు మంత్రివర్యుల వరకు ఎవరూ దీనిని తేలికగా త్రోసిపుచ్చలేరు.

మన విద్యార్థులకు మరియొక చిక్కు ఉన్నది. దానిని దాచిపెట్టి ప్రయోజనం లేదు. ముస్లిం పేరు గల యువకుడు రాజకీయాలపై వ్రాసిన మరుక్షణం పాఠకుడు ఆ వ్యాసంలో వాదాన్ని కాక పేరును చదువుతాడు. ప్రభుత్వాన్ని విమర్శిస్తే దేశభక్తిని శంకించేవారున్నారు. స్వజనులను విమర్శిస్తే ద్రోహి అనేవారున్నారు. ఈ రెండు భయాల నడుమ మన పిల్లలు రాజకీయాల జోలికి పోక, తాజ్‌మహల్ సౌందర్యం మీదనో, కాలం విలువ మీదనో వ్రాసి తృప్తిపడుతున్నారు. మరికొందరు చేతిలోని సెల్‌ఫోనులో పేరులేని సందేశాలను ఒకరినుండి ఒకరికి పంపుకొని, అదే అభిప్రాయ ప్రకటన అనుకొంటున్నారు. ఎవరు వ్రాసినారో తెలియని మాటను ముందుకు పంపినవాడు ఆ మాటకు జవాబుదారీ తానే వహించినట్లు. ఈ సంగతి గ్రహించినవారు తక్కువ.

ఈ చిక్కుకు ఉపాయం మౌనం కాదు. 'మేము' అనే మాటను పొదుపుగా వాడి, 'నేను' అనే మాటను ధైర్యంగా వాడటమే ఉపాయం. పాతబస్తీలో జరీపని చేసే ముస్లిం ఉన్నాడు. పల్లెలో కౌలుకు సాగుచేసే ముస్లిం ఉన్నాడు. గల్ఫుదేశంలో రెక్కలు ముక్కలు చేసికొనే ముస్లిం ఉన్నాడు. ఇంట ఉర్దూ మాట్లాడేవారున్నారు. తరతరాలుగా తెలుగే మాట్లాడేవారున్నారు. వీరందరి మనస్సు ఒక పద్దెనిమిదేండ్ల విద్యార్థికి తెలియటం సాధ్యం కాదు. తెలిసినట్లు చెప్పటం న్యాయమూ కాదు. తనకు తెలిసినంత తన పేరుతో చెప్పినవానిని ఏ వర్గం వారైనా ఒకనాటికి గౌరవించక తప్పదు.

రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం భావప్రకటన స్వేచ్ఛను పౌరులందరికి ఇచ్చినది. 19(2) అధికరణం దానికి హద్దులు చెప్పినది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్యభద్రత, విదేశాలతో మైత్రి, శాంతిభద్రతలు, సభ్యత, నీతి, న్యాయస్థాన ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పటం. ఈ హద్దులను తెలిసికొనటం పిరికితనం కాదు. గట్టు ఎక్కడ ఉన్నదో తెలిసిన రైతే తన పొలాన్ని చివరిదాకా దున్నగలడు.

కమిటీ పెద్దలకు మనవి

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. కళాశాల సంచికలో రాజకీయాలు వద్దనే అభిప్రాయం చాలచోట్ల ఉన్నది. సంస్థకు చిక్కులు రాకూడదనే సదుద్దేశంతోనే పెద్దలు అట్లా భావిస్తారు. రాజ్యాంగం 30వ అధికరణం మనకు ఈ సంస్థను నడుపుకొనే హక్కును ఇచ్చినది. ఆ హక్కును జాగ్రత్తగా కాపాడుకొనవలసినదే. అయితే పద్దెనిమిదేండ్లు నిండిన విద్యార్థి ఓటువేసి ప్రభుత్వాన్ని ఎన్నుకొంటున్నాడు. ఓటు వేయటానికి తగినవాడు కారణం చెప్పటానికి తగనివాడెట్లా అవుతాడు? కారణం చెప్పటం కళాశాలలో నేర్పకపోతే, నినాదం చేయటం వీధి నేర్పుతుంది.

కనుక రాబోయే సంచికలో నాలుగు పుటలు విద్యార్థుల రాజకీయాభిప్రాయాలకు కేటాయించవలెనని కోరుతున్నాను. ప్రతి వ్యాసం క్రింద పేరు, తరగతి ఉండవలెను. తగిన కారణంతో పేరు దాచవలసివచ్చినప్పుడు విభాగపు సంపాదకునికైనా పేరు తెలియవలెను; జవాబు ఆ సంపాదకుడు చెప్పవలెను. వార్షిక సంచికలో ప్రతివాదం అచ్చుకావటానికి ఏడాది పడుతుంది గనుక, గ్రంథాలయం ప్రక్కన ఉర్దూ, తెలుగు గోడపత్రికలు రెండు పెట్టి ఎదురుమాటలకు అక్కడ చోటు కల్పించవలెను. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక బల్ల, నాలుగు మేకులు, కొంత ఓర్పు చాలును.

విద్యార్థులారా! మీ తొలి వ్యాసం గొప్పగా ఉండనక్కరలేదు. మీరెవరో, ఎక్కడ నిలిచినారో, మీకెట్లా తెలిసినదో చెప్పండి. ఎదుటివాని మాట వినండి. అడ్డంకులన్నీ తొలగిన తరువాత వ్రాద్దామనుకొంటే ఆ రోజు రాదు. 27 ఏండ్ల యువకుడు తన పత్రికకు పెట్టుకొన్న పేరు 'ఈ రోజు'.